కింది పేరా

బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని పది నిమిషాలైంది. డ్రైవరు ఇంజను ఆపేసి స్టీరింగు మీద గడ్డం ఆనించుకున్నాడు, ఆ మనిషికేం తొందర, పొద్దుటినుంచీ ఆ చివరికీ ఈ చివరికీ తిరగడమే కదా, అనుకుంది ఆమె, మళ్ళీ పాపం అతని మీద పడ్డానేంటి అనుకుని ఫోను చెవికి పెట్టుకుంది. మీరు కాల్ చేస్తున్న నంబరు స్విచాఫ్ చేసి ఉంది. ఎవరు చేశారు? వాక్యంలో కర్త లేడు. ఇరవై రెండేళ్లుగా దినపత్రికలో కూర్చుని ఇతరులు రాసిన వార్తలు దిద్దుతున్న తలకాయ ఇది, ఏడవాల్సిన చోట కూడా వ్యాకరణమే వెతుకుతుంది, ఛీ. చెల్లెలు ఫోను ఆపే రకం కాదు. ఇంట్లో దాన్ని పిలిచే పేరే వసపిట్ట, బ్యాటరీ అయిపోతుంటే ఛార్జరు గుచ్చి, గోడకి అతుక్కుని నిలబడి మరీ మాట్లాడుతుంది. పళ్ల డాక్టరు దగ్గర టోకెన్లిచ్చే ఉద్యోగం దానిది, ఒంటిగంటకి డాక్టరు భోజనానికి లేవగానే అక్కకి ఫోను కొడుతుంది, ఎవరి పన్ను ఊడిందో, ఎవరు కుర్చీలో కూర్చోకముందే కేకలు పెట్టారో అన్నీ చెబుతుంది. ఇవాళ ఒంటిగంటకి రాలేదు. ఒకటిన్నరకి రాలేదు. క్లినిక్‌కి చేస్తే ఎవరిదో కొత్త గొంతు, ఆవిడ శనివారం నుంచి రావట్లేదండీ, సెలవు కావాలని వాళ్లాయన ఫోన్ చేసి చెప్పారు, అంది. వాళ్లాయన చెప్పారు. ఈ వాక్యంలో కర్త ఉన్నాడు.

బస్సు కదిలింది, నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. ముందు సీట్లో ఎవరో పేపరు మడిచి విసురుకుంటున్నారు, ఆమె పనిచేసే పేపరే, ఇవాళ్టిదే, లోపలి పేజీ పైకి వచ్చింది. ఆఫీసులో ఆమెని ఎదురుగా మేడం అంటారు, వెనక కత్తెరమ్మ అంటారు, ఆమెకి తెలుసు, తెలిసి లోలోపల కొంచెం సంతోషం కూడా. ఎంత పొడుగు వార్త వచ్చినా పేజీలో ఉన్న ఖాళీకి అతికినట్టు రెండు నిమిషాల్లో తెగ్గోసి ఇస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెబుతుంది, వార్తని కింది నుంచి కోయాలమ్మా, ముఖ్యమైనదంతా పైన ఉంటుంది, కింద ఉన్నది పోయినా ఎవరూ అడగరు. ఇవాళ పన్నెండింటికి ఎక్కడినుంచో ఒక వార్త వచ్చింది, భార్యని చంపిన భర్త, రోజూ వచ్చేదే, ఈ మాట పైకి అనుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ రోజూ వచ్చేదే, శీర్షికలు కూడా చేతిలో సిద్ధంగా ఉంటాయి. అనుమానం పెనుభూతమై. క్షణికావేశానికి బలి. కాపురంలో కలహాల చిచ్చు. వేళ్లు వాటంతటవే కొట్టేస్తాయి. అనుమానం చంపుతుంది, ఆవేశం చంపుతుంది, మద్యం చంపుతుంది, మొగుడు మాత్రం పాపం ఆ పక్కన ఎక్కడో నిలబడి ఉంటాడు. నాలుగు లైన్లు ఎక్కువైంది, కింద పరుపుల ప్రకటన ఉంది, దాన్ని కదపడానికి లేదు. స్క్రీన్ మీద కింది పేరా నల్లగా చేసి తీసేసింది. తీసేస్తూ అలవాటు కొద్దీ చదివింది. గతంలోనూ మూడు నాలుగుసార్లు తన కూతురి గొంతు నులిమాడని మృతురాలి తల్లి చెప్పింది. వార్త సరిగ్గా సరిపోయింది, పేజీ వెళ్లిపోయింది, తర్వాత ఒంటిగంటయింది, ఫోను రాలేదు, టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తుంటే మధ్యలో కాళ్లు ఆగిపోయాయి. ఆ వాక్యాన్ని ఆమె మొన్న బుధవారం కూడా తీసేసింది. అది వార్తలోది కాదు.

బుధవారం చెల్లెలు ఆఫీసుకే వచ్చింది. క్యాంటీన్‌లో మూల బల్ల, తడిగుడ్డతో అప్పుడే తుడిచిన వాసన, చేతిలో నాలుగు పేజీలు, రెండువైపులా రాసినవి, అటూ ఇటూ అంచుల్లో కూడా రాసినవి. అక్కా, నీకు రాయడం వచ్చు కదా, కాస్త దిద్దిపెట్టు, రేపు స్టేషన్‌లో ఇస్తాను, అంది. మూడింటికి ఆమె పేజీ వెళ్లాలి, అప్పటికి రెండూ నలభై. మొదటి పేజీ నిండా ఉప్పు. కూరలో ఉప్పు ఎక్కువైందని అతను ఏమన్నాడో, అది నిజంగా ఎక్కువ కాలేదని ఎలా తెలిసిందో, కింది అంతస్తులో ఆవిడ కూడా రుచి చూసిందని, ఆవిడ నాలుక ఎలాంటిదో. రెండో పేజీలో ఫోను, అతను దాని ఫోనులో ఏమేం చూస్తాడు, ఏ నంబరు ఎవరిదని అడుగుతాడు. మూడో పేజీ సగానికి వచ్చేసరికి ఆమెకి తల తిరిగింది, అయ్యో నా తల్లీ, ఇది స్టేషన్‌లో ఎవరు చదువుతారే, అంది. నవ్వుతూనే అంది. బ్యాగులోంచి పెన్ను తీసి తెల్లకాగితం మీద అరపేజీలో రాసిచ్చింది. మా మధ్య తరచూ కుటుంబ కలహాలు జరుగుతున్నాయి. ఈ క్రమంలో నా భర్త క్షణికావేశంలో నాపై చేయి చేసుకుంటున్నారు. తగిన చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన. నాలుగో పేజీ చూడలేదా? చూసింది, అబద్ధమెందుకు, చూసింది. నాలుగో పేజీ అడుగున చెల్లెలి అక్షరాలు చిన్నవైపోయాయి, చోటు చాలక కాదు, పేజీలో ఇంకా చోటుంది. గొంతు పట్టుకున్నాడు. కళ్లు చీకట్లు కమ్మాయి. మెలకువ వచ్చేసరికి పక్కనే కూర్చుని మంచినీళ్లు తాగించాడు. ఇది ఏడోసారి. ఆమె చదివింది, చదివి, మా పిట్ట గోరంతని కొండంత చేస్తుంది కదా అనుకుంది. చెల్లెలు అరపేజీ రెండుసార్లు చదువుకుని, "గొంతు సంగతి లేదక్కా," అంది. "చేయి చేసుకున్నాడంటే అందులోకి అన్నీ వస్తాయే పిచ్చిదానా," అంది తను.

అందులోకి అన్నీ వస్తాయట. ఆ చేయి ఎక్కడ పడింది, ఎంతసేపుంది, ఎన్నిసార్లు, ఎవరడుగుతారు? అసలు ఆ చేతులు ఎలాంటివి? మరిది కళ్లద్దాల షాపులో కొలతలు చూస్తాడు. నెమ్మదస్తుడని పేరు. రెండేళ్ల కిందట తన కళ్లద్దాలు కూడా అతనే బిగించాడు, చెవుల వెనక వేళ్లు పెట్టి, ఎంత మెత్తగానో, పట్టేస్తోందా వదినా, వదులు చేయనా, అని అడిగాడు. ఇప్పుడు అవే అద్దాల్లోంచి చూస్తోంది, రోడ్డు మీద ఆగిన లారీలని, పచ్చలైటుని, దాన్ని లెక్కచేయకుండా అడ్డంగా నిలబడిన జనాన్ని. చెవుల వెనక దురద పుట్టింది. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది, లోకమంతా మసకబారింది, గత్యంతరం లేక మళ్ళీ పెట్టుకుంది.

గురువారం స్టేషన్‌కి తనూ వెళ్లింది. అధికారి కాగితం చదివి తలెత్తి, ఎవరు రాశారమ్మా, చక్కగా ఉంది, నాలుగు ముక్కల్లో తేల్చేశారు, అన్నాడు. అన్నప్పుడు, చచ్చినా ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆమెకి గర్వమేసింది. చెల్లెలి పక్కన, ఆ చెక్కబెంచీ మీద, మెచ్చుకోలు వింటూ గర్వపడింది. మరిదిని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అధికారి ఆ అరపేజీ పైకి చదివి వినిపిస్తే తల వంచుకుని విన్నాడు. ఏమంటావయ్యా అంటే, "వదినగారే రాశారు కదండీ, క్షణికావేశం అని. ఆ మాట నిజమేనండీ, క్షణంలో పోతుంది నాకు," అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడని. అధికారి కూడా నవ్వాడు, క్షణాలు ఓర్చుకోవాలయ్యా, అని అతనికీ, కాస్త మాటలు తగ్గించుకోవాలమ్మా, అని దానికీ చెప్పి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించి పంపించేశాడు. పంటి బిగువున బతుకుతున్న పిల్లకి మాటలు తగ్గించుకోమని సలహా. ఏడుసార్లు, ఏడు క్షణాలు అనుకున్నా, మధ్యలో మంచినీళ్లు తెచ్చేంత తీరికున్న క్షణికావేశం ఏమిటో, ఆ మాట తన పెన్నులోంచి ఎలా ఊడిపడిందో. ఊడిపడలేదు. ఇరవై రెండేళ్లుగా వాడి వాడి అరచేతిలోనే ఉంది, చేయి చాపేసరికి అందింది.

కండక్టరు వచ్చి టికెట్ అడిగాడు. ఇందాకే ఇచ్చావు కదయ్యా అంది. అవునా అని తల గోక్కుంటూ వెళ్లిపోయాడు, ఆమెకి ఎందుకో అతన్ని ఆపి, మా చెల్లెలి ఫోను కలవట్లేదు అని చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పినా ఏమంటారు, ఛార్జింగ్ అయిపోయి ఉంటుందిలెండి అంటారు. ఇందాక బస్సెక్కే ముందు స్టేషన్‌కి చేస్తే ఆ అధికారి కూడా అదే అన్నాడు, గురువారమేగా సర్ది పంపించాం, కొత్తగా ఏం జరిగిందమ్మా, అన్నాడు. ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఫోన్లు పొట్టివయ్యాయి, అంతే. శుక్రవారం, బాగానే ఉన్నానక్కా. శనివారం, సర్దుకున్నాంలే. ఆదివారం గొంతు బొంగురుగా ఉంది, ఏమైందే అంటే, జలుబు. ఒక్క ముక్క. వసపిట్ట శీర్షికల్లో మాట్లాడటం మొదలుపెట్టింది, తనేమో హమ్మయ్య, ఇన్నాళ్లకి దీనికి బుద్ధొచ్చింది, అనుకుని ఫోను పెట్టేసి బట్టలు ఆరేసుకుంది. బొంగురు గొంతు. జలుబుకి ముక్కు కదా ముందు మూసుకుపోయేది. దాని ముక్కు మూసుకుపోలేదు, మాట మాటకీ మధ్య గుటక పడింది, ఆ గుటక ఇప్పుడు వినపడుతోంది, నిన్న వినపడలేదు.

దానికి ఏడేళ్లప్పుడు ఒకసారి బడి నుంచి వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది. టీచరు కొత్త చీర కట్టుకుందని, ఆ చీరకి సుద్దముక్క అంటిందని, బయట కుక్క ఆరు పిల్లల్ని పెట్టిందని, అందులో ఒకటి తెల్లదని, దాన్ని చూద్దామని పిల్లలంతా గోడెక్కామని, గోడ మీద నాచుందని. తనకి పన్నెండేళ్లు, మర్నాడు లెక్కల పరీక్ష, అబ్బా తర్వాత చెబుదువు గానీ పోవే, అంది. అది పోలేదు. ఇంకొంచెమే అక్కా, అంది, కుక్కపిల్ల పేరేం పెట్టారో చెప్పింది, పేరుకోసం ఎవరెవరు కొట్టుకున్నారో చెప్పింది, అంతా అయ్యాక, నా చెయ్యి కదలట్లేదక్కా, అంది. ఎముక విరిగింది. అమ్మ ముక్కు మీద వేలేసుకుంది, ఇంతసేపూ చెప్పవేమే అని. చెబుతూనే ఉన్నా కదమ్మా, అంది అది, ఏడుపు లేదు, నిజంగా ఆశ్చర్యపడింది. దానికి నొప్పి చివర్లోనే చెప్పడం వచ్చు, అక్కడిదాకా నడిపించుకుంటూ వెళ్లి, చెయ్యి పట్టుకుని చూపించాలి. ఆ సంగతి లోకంలో ఎవరికి తెలియకపోయినా తనకి తెలుసు. తెలిసీ కింది నుంచి కోసింది.

నేర వార్తలు చూసే కుర్రవిలేకరికి ఫోన్ చేసింది. మామూలుగా అడిగినట్టు అడిగింది, చెల్లెలుండే పేట పేరు చెప్పి, ఆ వైపు ఏమైనా ఉందా ఇవాళ, అని. ఏం లేదు మేడం, పొద్దుటినుంచీ చప్పగా ఉంది, ఒక బైకు దొంగతనం తప్ప, అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఏదైనా తగిలితే ముందు మీకే చెబుతా, అని పెట్టేశాడు. లేచొచ్చిన ప్రాణం ఆ ఒక్క మాటతో మళ్ళీ జారిపోయింది, ఎందుకంటే అతనికి తెలియకుండానే, తనకి తెలుస్తూనే, తల ఆ వార్త రాసేస్తోంది. వివాహిత అనుమానాస్పద మృతి. రెండు వరసలకి సరిపోతుంది. భర్త కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తున్నాడు. వీరి మధ్య కొంతకాలంగా కలహాలున్నట్టు తెలిసింది. నాలుగు రోజుల కిందటే పోలీసులు నచ్చజెప్పి పంపారు. ఇది బాగుంది, నచ్చజెప్పి అనేది ఉంచు. ఫొటో కావాలి, పెళ్లిఫొటోలో అతన్ని కోసేసి దాన్ని ఒక్కదాన్నే తీసుకుంటారు, భుజం మీద అతని వేళ్లు మాత్రం మిగులుతాయి, అలాంటివి ఎన్ని పంపించింది పేజీకి. మృతురాలికి ఒక అక్క ఉంది. నాలుగు లైన్లు ఎక్కువైతే ఆ అక్క పోతుంది. నోర్ముయ్, అంది ఆమె పైకే. పక్కసీటావిడ ఉలిక్కిపడి సంచీ దగ్గరికి లాక్కుంది.

చెల్లెలి ఇంటికి రెండు స్టాపుల ముందే దిగిపోయింది, నడిస్తేనే నయం. నడవడం లేదు, పరిగెడుతోంది, యాభయ్యో పడికి దగ్గరైన మోకాళ్లు, ఆఫీసు చెప్పులు. టైర్లకి గాలి కొట్టే షాపు, లాండ్రీ, పిల్లల్ని దింపుతున్న బడిబస్సు, ఎవరి మొహంలోనూ ఏమీ లేదు, వీధి తన మానాన తను ఉంది. ఏదైనా జరిగి ఉంటే జనం గుంపుగా ఉండేవారు కదా. గుంపులేదు, మంచిదే. గుంపు ఎప్పుడు చేరుతుందో కూడా తెలుసు తనకి, అంతా అయ్యాక చేరుతుంది, కాబట్టి గుంపు లేకపోవడంలో అంత మంచి ఏమీ లేదు. లిఫ్టు మీద పనిచేయదని అట్టముక్క తగిలించి ఉంది. మూడంతస్తులు. రెండో అంతస్తులో కుక్కరు కూస్తోంది, ఎవరింట్లోనో నీళ్లు పడుతున్నాయి. పైకెక్కి వాళ్ల తలుపు ముందు నిలబడింది.

బెల్లు నొక్కింది. చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. మరిది. తల దువ్వుకుని ఉన్నాడు, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, సోమవారం నాలుగున్నరకి షాపులో ఉండాల్సిన మనిషి.

"మీరా వదినా," అన్నాడు. "మీ ఇంటికనే బయల్దేరింది కదా పదకొండింటికి. రాలేదా?"

మొహంలో కంగారు ఎంత సరిగ్గా పెట్టాడో. అక్క ఇంటికని వెళ్లి వివాహిత అదృశ్యం, అంది తల, సిగ్గులేని తల, ఒక్క క్షణం అతన్ని నమ్మింది కూడా. అప్పుడు గుమ్మం పక్కకి చూసింది. చెల్లెలి చెప్పుల జత ఉంది, ఇంట్లో తిరిగేవి కాదు, బయటికి వేసుకునేవి, దానికి ఉన్నది ఆ ఒక్క జతే. మేకుకి క్లినిక్ సంచీ వేలాడుతోంది. లోపలి గదిలోంచి ఏదో చప్పుడు వచ్చింది, దగ్గులాంటిది, దగ్గుదామని ప్రయత్నించి కుదరనట్టు. టీవీ వదినా, అన్నాడతను, తలుపు దగ్గరికి తోస్తూ. ఆమె పాదం సందులో పెట్టింది. తలుపు పాదం మీద బిగిసింది, ఎముక నొక్కుకుపోతోంది, అతని మొహంలో కోపం లేదు, ఆవేశం అసలే లేదు, కొలత చూస్తున్నప్పటి మొహమే అది. అతనితో మాట్లాడి లాభం లేదని తెలిసింది. మెడ తిప్పి, మూసి ఉన్న మిగతా మూడు తలుపులవైపు తిరిగింది. జన్మలో ఎప్పుడూ గొంతెత్తి అరవని మనిషి.

"మా చెల్లెలు లోపలుంది. లేదంటున్నాడు. వీడు దాని గొంతు నులుముతాడు, ఏడుసార్లు నులిమాడు. మీకు వినపడే ఉంటుంది. రేపు పేపరువాళ్లు వచ్చినప్పుడు చెబుదామనుకున్న మాటలేవో ఇప్పుడు చెప్పండమ్మా. అది బతికుండగా చెప్పండి."

కుక్కరు ఇంకో కూత కూసింది. తర్వాత ఎదుటి తలుపు గొలుసు తీసిన చప్పుడైంది, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ ఒక పెద్దావిడ బయటికి వచ్చింది, ఆమెకేసి కాదు, సూటిగా అతనికేసి చూసింది.

"శనివారం నుంచీ వినపడుతూనే ఉందమ్మా," అంది. "ఇవాళ పొద్దుటినుంచే వినపడట్లేదు."

పక్క తలుపు కూడా తెరుచుకుంది, ఇంకెవరో ఆంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు, పెద్దావిడ వచ్చి తన పక్కన నిలబడి తలుపు మీద అరచేయి ఆనించింది. పాదం మీద ఒత్తిడి తగ్గింది. అతను పక్కకి తప్పుకున్నాడు, రండి, చూసుకోండి, ఇంత గొడవెందుకు, అంటూ. ఆమె కుంటుకుంటూ లోపలి గదిలోకి వెళ్లింది.

చెల్లెలు మంచానికీ గోడకీ మధ్య నేల మీద కూర్చుని ఉంది. పక్కన మంచినీళ్ల గ్లాసు, నిండుగా. కళ్లలో తెల్లదనమంతా ఎర్రబడింది, మెడ చుట్టూ చున్నీ. అక్కని చూసి పెదవులు కదిపింది. ఏమీ వినపడలేదు. మళ్ళీ కదిపింది, ఈసారి గాలి మాత్రం వచ్చింది, అయినా అది ఆపలేదు, ఎక్కడినుంచో మొదలుపెట్టింది, చేతులు తిప్పుతూ, వేళ్ల మీద ఏదో లెక్కపెడుతూ. ఆమె చల్లని ఆ నేల మీదే ఎదురుగా చతికిలబడి రెండు చేతులూ పట్టుకుంది.

"తొందరేం లేదే," అంది. "మొదటినుంచీ చెప్పు."

అది చెబుతోంది. ఒక్క ముక్క కూడా వినపడటం లేదు. ఆంబులెన్సువాళ్లు మెట్లెక్కి వచ్చేదాకా ఆమె ఆ పెదవుల మీదినుంచి చూపు తిప్పలేదు.